ఆపదవేళ వైద్యుడు, ఆరోగ్య బీమా

సాధారణమైన జబ్బు మనకు గడువిచ్చును. ఏ వైద్యుని వద్దకు పోవలెను, ఎంత ఖర్చగును, ఎవరి వద్ద చేబదులు పుట్టును అని నలుగురిని విచారించుటకు వీలుండును. ఆపద అట్టి గడువియ్యదు. అర్ధరాత్రి గుండెనొప్పి, పొలము గట్టున పాముకాటు, రహదారిపై ప్రమాదము, ఒక్కసారిగా మాట పడిపోయి కాలుచేయి చచ్చుబడుట - ఇట్టి వేళలలో క్షణములే ప్రాణములు. అయినను మన పట్టణములలో అదే క్షణమున ఇంటివారిని మరియొక ప్రశ్న వెన్నాడుచుండును: ఈ వైద్యుడు మన కార్డును అంగీకరించునా?

ఈ ప్రశ్న ఎట్లు పుట్టినది? రోగికి, వైద్యునికి నడుమ ఈ కార్డు ఎప్పుడు వచ్చి నిలిచినది? జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణములను దృష్టియందుంచుకొని ఆ చరిత్రను ఇచట సంగ్రహముగా చెప్పదలచితిమి. ఈ మూడును పూర్వపు కరీంనగరు జిల్లాలోని ఊళ్ళే. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణము జరిగినపుడు జగిత్యాల ఒక జిల్లా కేంద్రమైనది, కోరుట్ల ఆ జిల్లాలో చేరినది, సిరిసిల్ల రాజన్న సిరిసిల్ల జిల్లాకు కేంద్రమైనది. కోరుట్ల, జగిత్యాల ప్రాంతమున ఇంటింట బీడీలు చుట్టు స్త్రీలు, సిరిసిల్లలో సాంచల మీద బట్ట నేయు పనివారు, మూడు చోట్లను గల్ఫు దేశములకు పోయిన కొడుకుల రాకకై ఎదురుచూచు తలిదండ్రులు - వీరే మన కథలోని ముఖ్యపాత్రలు.

కార్మికుని వైద్యమునకు బీమా అను భావము ఐరోపాలో పుట్టినది. జర్మనీలో బిస్మార్కు ప్రభుత్వము 1883లో కార్మికులకు అనారోగ్య బీమా శాసనమును తెచ్చెను. కార్మికుడు కొంత, యజమాని కొంత చెల్లింతురు. జబ్బుపడిన నాడు ఆ నిధి ఆదుకొనును. బ్రిటనులో లాయిడ్ జార్జి చొరవతో 1911లో జాతీయ బీమా చట్టము వచ్చెను. అక్కడ ఒక క్రొత్త ఏర్పాటు చేసిరి. బీమా రోగులను చూచుటకు ఒప్పుకొన్న వైద్యుల పేర్లతో ఒక పట్టిక తయారు చేసిరి. కార్మికుడు ఆ పట్టికలో తనకు నచ్చిన వైద్యుని ఎంచుకొనును. ఆ వైద్యునికి తన వద్ద నమోదైన మనుష్యుల లెక్కను బట్టి ఏటేట సొమ్ము ముట్టును. పట్టికను ఇంగ్లీషువారు ప్యానెల్ అందురు గనుక అట్టివారికి ప్యానెల్ డాక్టరు అని పేరు వచ్చినది. ఆ చట్టములో ఒక లోపముండెను: కూలి సంపాదించువానికే వైద్యము, అతని భార్యాబిడ్డలకు లేదు. 1948 జూలై 5న బ్రిటనులో జాతీయ ఆరోగ్య సేవ ఆరంభమైన పిమ్మటనే ఆ లోపము తీరినది. అయినను పట్టిక అను భావము మాత్రము నిలిచిపోయి మన దేశమునకును వచ్చినది.

మన దేశమున ఈ ఆలోచన రెండవ ప్రపంచ యుద్ధకాలమున రూపు దిద్దుకొన్నది. ప్రొఫెసరు బి.పి. అదార్కరు పారిశ్రామిక కార్మికుల ఆరోగ్య బీమాపై 1944లో ప్రభుత్వమునకు నివేదిక సమర్పించెను. సర్ జోసెఫ్ భోరు అధ్యక్షతన ఏర్పడిన సంఘము 1946లో తన నివేదికనిచ్చుచు, డబ్బు చెల్లింపలేడను కారణమున ఏ వ్యక్తికిని వైద్యము నిరాకరింపబడరాదను సూత్రమును ముందుంచెను. 1948లో ఉద్యోగుల రాజ్య బీమా చట్టము, అనగా ఇ.ఎస్.ఐ. చట్టము, అమలుకు వచ్చెను. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరులో ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ ఆ పథకమును ప్రారంభించిరి. వైద్యము అందించుటకు రెండు పద్ధతులు వాడుకలోనికి వచ్చినవి. బొంబాయి, కలకత్తా వంటి చోట్ల ప్రైవేటు వైద్యుల పట్టిక పద్ధతి నడచినది. తక్కిన అనేక ప్రాంతములలో ఇ.ఎస్.ఐ. వారే స్వయముగా డిస్పెన్సరీలు నెలకొల్పిరి.

ఈ చట్టము గొప్పదే. కాని అది కర్మాగారమును చూచి వ్రాసిన చట్టము. ఆదిలో విద్యుచ్ఛక్తి వాడుచు 20 మందికి తక్కువ కాకుండ పనివారున్న కర్మాగారములకే అది వర్తించెను. తరువాత ఆ సంఖ్య 10కి తగ్గినది. సిరిసిల్లలోని సాంచలు వేలకొలదిగా ఉన్నను, అవి పెద్ద మిల్లులో ఒక్క కప్పు క్రింద ఉన్నవి కావు. ఒక చిన్న షెడ్డులో నాలుగో ఎనిమిదో సాంచలు, వాటికొక ఆసామి, ఆసామికి నూలు ఇచ్చి బట్ట తీసికొను సేటు, సాంచల నడుమ నిలిచి పన్నెండు గంటలు నడుపు పనివాడు, ఇంటివద్ద కండెలు చుట్టు అతని భార్య. ఇట్లు చీలికలైన పనిలో యజమాని ఎవరు, కార్మికుడెవరు అని తేల్చుటయే కష్టము. పదిమంది లెక్కకు రాని షెడ్డు చట్టమునకు అందలేదు. సిరిసిల్ల పట్టణమంతయు ఒక పెద్ద మిల్లువలె శబ్దము చేయుచున్నను, చట్టము దృష్టిలో అది మిల్లు కాలేదు.

చేనేతవారికి కేంద్ర ప్రభుత్వము 2005-06లో ఒక ఆరోగ్య బీమాను ఐ.సి.ఐ.సి.ఐ. లాంబార్డు సంస్థ ద్వారా ఏర్పాటు చేసెను. కుటుంబమునకు ఏడాదికి 15,000 రూపాయల వరకు వైద్య వ్యయము లభించునట్లు ఆ పథకమును కూర్చిరి. అది చేమగ్గము కొరకు ఉద్దేశింపబడినది. సాంచ నడుపువాడు నేతగాడే, పద్మశాలి కులమువాడే, వాని తాత చేమగ్గముపై కూర్చున్నవాడే. అయినను మగ్గమునకు కరెంటు తగిలించుటతో ఆ కుటుంబము వేరొక వరుసలోనికి జరిగినది. నేతగాండ్ర ఆత్మహత్యలతో సిరిసిల్ల పేరు దేశమంతట వినబడిన ఆ సంవత్సరములలో, అప్పుల కారణములలో కూలి తగ్గుటతోపాటు ఆస్పత్రి ఖర్చును ఒకటిగా ఉండెను.

బీడీ పనివారి సంగతి మరియొక విధము. తునికాకు, పొగాకు కార్ఖానానుండి ఇంటికి తెచ్చుకొని, చాట ఒడిలో పెట్టుకొని చుట్టి, మరల కార్ఖానాకు అప్పగించు స్త్రీకి ఇల్లే కర్మాగారము. 1966లో బీడీ, చుట్ట పనివారల పని నిబంధనల చట్టమును, 1976లో బీడీ కార్మికుల సంక్షేమ నిధి చట్టమును వచ్చినవి. బీడీలపై విధించిన సెస్సు సొమ్ముతో కేంద్ర కార్మికశాఖ డిస్పెన్సరీలు నడపెను, గుర్తింపు కార్డులు ఇచ్చెను. 2017 జూలై 1న జి.ఎస్.టి. అమలుకు వచ్చుటతో ఆ సెస్సు రద్దయినది. డిస్పెన్సరీ పగటిపూట దగ్గునకు, జ్వరమునకు, నడుమునొప్పికి ఉపకరించును. రాత్రి రెండు గంటలకు గుండెనొప్పి వచ్చినవారికి అది తాళము వేసిన గది మాత్రమే.

ఇట్లు 2005 వరకు మన మూడు పట్టణముల పేదకుటుంబమునకు ఆపదవేళ ఉన్న ఆధారము ప్రభుత్వాస్పత్రి, అది చాలనిచో అప్పు. జగిత్యాలనుండి కరీంనగరు దాదాపు 50 కిలోమీటర్లు. కోరుట్లవారు మొదట దాదాపు 25 కిలోమీటర్లు ప్రయాణించి జగిత్యాల చేరి, అక్కడినుండి కరీంనగరు పోవలెను. సిరిసిల్లనుండి కరీంనగరు 40 కిలోమీటర్ల లోపు. కరీంనగరునుండి హైదరాబాదు మరి 160 కిలోమీటర్లు. పెద్ద ప్రాణాపాయము వచ్చినపుడు ఈ దూరమంతయు కిరాయి జీపులో, తెలిసినవారి కారులో గడచుచుండెను.

ఈ దశలో రెండు పెద్ద మార్పులు వచ్చినవి. మొదటిది మార్గమునకు సంబంధించినది. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 సేవ ఆరంభమైనది. సత్యం సంస్థాధిపతి రామలింగరాజు స్థాపించిన అత్యవసర సేవా సంస్థ, ప్రభుత్వ భాగస్వామ్యముతో దానిని క్రమముగా రాష్ట్రమంతట విస్తరింపజేసెను. పైసా అడుగక, కార్డు చూపుమనక, బండి ఇంటికి వచ్చుట పల్లెలకు క్రొత్త అనుభవము. బండిలో ప్రాణవాయువు, ప్రథమ చికిత్స తెలిసిన సిబ్బంది ఉండుట మరియు క్రొత్త.

రెండవది ధనమునకు సంబంధించినది. అంతకుముందు పేదరోగులు ముఖ్యమంత్రి సహాయ నిధికి అర్జీలు పెట్టుకొనెడివారు. 2004 మే మొదలు 2007 జూన్ వరకు ఆ నిధినుండి 55 వేలకు పైగా రోగులకు 168 కోట్ల రూపాయలకు పైగా వైద్య సహాయము ముట్టినది. ఒక్కొక్క ప్రాణమునకు ఒక్కొక్క అర్జీ. ఆపద వచ్చిన తరువాత అర్జీ వ్రాయవలెను. అది మంజూరగు వరకు రోగి ఆగవలెను. ఆ అనుభవమునుండి పుట్టినదే ఆరోగ్యశ్రీ. ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి కాలమున 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో అది ఆరంభమైనది. 2008 జూలై నాటికి ఉమ్మడి రాష్ట్రమంతటికిని విస్తరించెను. తెల్ల రేషను కార్డు గల కుటుంబమునకు ఏడాదికి లక్షన్నర రూపాయలు, అవసరమైనచో మరి 50 వేలు. గుండె, మూత్రపిండములు, నరములు, కేన్సరు, కాలిన గాయములు, ప్రమాదములలో తగిలిన పెక్కు గాయములు - ఇట్టి పెద్ద చికిత్సలు తొలి పట్టికలోనివి. ఆదిలో స్టార్ హెల్తు అను బీమా సంస్థ ఈ బాధ్యత వహించెను. తరువాత ప్రభుత్వము స్థాపించిన ట్రస్టే నేరుగా చెల్లింపులు చేయుటకు పూనుకొన్నది.

ఇచట మనము ఒక విషయమును నిదానించి గ్రహింపవలెను. బ్రిటనులోని 1911 నాటి పట్టికలో వైద్యుల పేర్లుండెను. ఆరోగ్యశ్రీ పట్టికలో ఆస్పత్రుల పేర్లున్నవి. పథకములో చేరునది వైద్యుడు కాదు, సంస్థ. సంస్థయైనను సమస్త చికిత్సలకును చేరదు. ఎముకలకు ఒకటి, గుండెకు ఒకటి, ప్రసూతికి ఒకటి అని విభాగముల వారీగా చేరును. కావున ఒక ఆస్పత్రి గోడమీద ఆరోగ్యశ్రీ బోర్డు ఉన్నంత మాత్రమున, ఆ రాత్రి మన రోగికి కావలసిన చికిత్స అక్కడ కార్డుపై జరుగునని నిశ్చయము లేదు. విరిగిన కాలికి కార్డు చెల్లిన చోటనే, గుండెపోటునకు చెల్లకపోవచ్చును. బోర్డును నమ్మి పోయి, అక్కడినుండి మరియొక చోటికి, ఆ పిమ్మట కరీంనగరునకు తరలిన కుటుంబములు ఈ తేడాను ఎంతో నష్టపోయి నేర్చుకొన్నవి.

పథకము కూర్చినవారు ఈ ఇబ్బందిని ఊహింపకపోలేదు. పట్టికలోని ప్రతి ఆస్పత్రిలోను ఆరోగ్యమిత్ర అను ఉద్యోగిని నియమించిరి. కార్డు పరిశీలించుట, చేర్పించుట, కాగితములు నడిపించుట అతని పని. పెద్ద చికిత్సలకు ముందుగా ట్రస్టు అనుమతి కావలెను. అత్యవసరమైన యెడల ఫోను మీదనే అనుమతి తీసికొని చికిత్స మొదలుపెట్టవచ్చునని నియమము చేసిరి. కాగితము తరువాత, ప్రాణము ముందు అనుటకు ఆ నియమమే నిదర్శనము.

నిజమునకు ఈ న్యాయము పథకములకంటె ముందుగనే మన దేశమున స్థిరపడినది. 1989లో పరమానంద కటారా కేసులో సుప్రీంకోర్టు, గాయపడినవానికి ప్రాణరక్షణ చికిత్స చేయుట ప్రభుత్వ వైద్యునికిని ప్రైవేటు వైద్యునికిని సమానమైన కర్తవ్యమని, పోలీసు లాంఛనములకై దానిని ఆపరాదని తీర్పు చెప్పెను. 1992లో పశ్చిమ బెంగాలులో హకీం షేకు అను శ్రామికుడు రైలునుండి పడి తలకు గాయమై, ప్రభుత్వాస్పత్రులు ఒకదాని తరువాత ఒకటి చోటు లేదనగా, తుదకు ప్రైవేటు ఆస్పత్రిలో ఖర్చుపెట్టుకొని బ్రదికెను. 1996లో ఆ కేసును విచారించి సుప్రీంకోర్టు, ప్రభుత్వాస్పత్రి సకాలములో అత్యవసర చికిత్స ఇయ్యకుండుట జీవించు హక్కునకు భంగమని నిర్ణయించెను. మోటారు వాహనముల చట్టము 134వ నిబంధన, ప్రమాదమున గాయపడినవానికి వెంటనే చికిత్స చేయుట వైద్యుని విధియని చెప్పుచున్నది. అమెరికాలో సైతము 1986లో వచ్చిన చట్టము, బీమా ఉన్నదా లేదా అని చూడక అత్యవసర రోగిని పరీక్షించి నిలకడకు తేవలెనని ఆస్పత్రులను శాసించినది. ఈ తీర్పుల సారము ఒక్కటే: ప్రాణాపాయములో ఉన్న రోగి ముందు తలుపు తెరువవలెను, కార్డు సంగతి పిదప చూడవలెను.

చట్టము తలుపు తెరువుమన్నది. పథకము సొమ్ము ఇచ్చెదనన్నది. మూడవ ప్రశ్న మిగిలియున్నది: తలుపు వెనుక వైద్యుడున్నాడా? అత్యవసర వైద్యము అను ప్రత్యేక శాఖకు మన దేశమున వయస్సు చాల తక్కువ. భారత వైద్యమండలి దానిని ప్రత్యేక ఉన్నత విద్యాశాఖగా గుర్తించినది 2009లో మాత్రమే. అంతవరకు రాత్రిపూట ఆస్పత్రి ముందుగదిలో ఉండునది డ్యూటీ డాక్టరు. నిపుణులైనవారు ఇంటివద్ద ఉండి, ఫోను వచ్చిన పిదప వత్తురు. పెద్ద నగరములలో ఈ శాఖవారు కనబడుచున్నను, చిన్న పట్టణములకు వారి రాక ఆలస్యమైనది.

2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాటు దారిలో ఆర్.టి.సి. బస్సు లోయలో పడినపుడు ఈ మూడు పాయలును ఒక్కచోట కలిసినవి. జగిత్యాల డిపోకు చెందిన ఆ బస్సులో మితిమీరిన జనము. 60 మందికి పైగా మరణించిరి. వారిలో స్త్రీలు, వృద్ధులు పెక్కుమంది. గాయపడినవారిని జగిత్యాల, కరీంనగరు ఆస్పత్రులకు తరలించిరి. ఆ రోజున ఎవరును కార్డు అడుగలేదు. అడుగవలసిన పనియు లేకపోయెను. కాని పదులకొలది క్షతగాత్రులను ఒక్కమారుగా చూడగల వైద్యబలము జిల్లా కేంద్రమున ఎంత ఉండవలెనో ఆ దినము అందరికి బోధపరచినది. ఒక్క పెద్ద ప్రమాదమున స్పష్టముగా కనబడిన ఈ సత్యమే, ప్రతి రాత్రియు ఒక్కొక్క ఇంటిలో చిన్న రూపమున కనబడుచున్నది.

అటుపిమ్మట కొన్ని మంచి మార్పులు జరిగినవి. 2022 నవంబరులో జగిత్యాల ప్రభుత్వ వైద్యకళాశాల, 2023 సెప్టెంబరులో సిరిసిల్ల ప్రభుత్వ వైద్యకళాశాల ఆరంభమైనవి. కళాశాల వచ్చిన చోటికి ఆచార్యులు, వారి వెంట శిష్యులు, రాత్రి విధులు వచ్చును. సొమ్ము విషయములోను మార్పులు వచ్చినవి. కేంద్ర ప్రభుత్వము 2018 సెప్టెంబరులో ఆరంభించిన ఆయుష్మాన్ భారత్ పథకములో తెలంగాణ 2021లో చేరెను. 2023 డిసెంబరు 9న రాజీవ్ ఆరోగ్యశ్రీ పరిమితి కుటుంబమునకు 10 లక్షల రూపాయలకు పెరిగినది. 2024 అక్టోబరులో 70 ఏండ్లు నిండిన వృద్ధులందరికి, ఆదాయముతో నిమిత్తము లేకుండ, ఆయుష్మాన్ కార్డు ఇచ్చుటను కేంద్రము ఆరంభించినది. 2025 మేలో రహదారి ప్రమాద బాధితులకు, తొలి ఏడు దినముల చికిత్సకు, లక్షన్నర రూపాయల వరకు నగదు చెల్లింపు లేకుండ వైద్యమందించు పథకము ప్రకటింపబడినది.

అయితే అంకె పెరిగినంత మాత్రమున తలుపు తెరచుకొనదు. ప్రభుత్వమునుండి రావలసిన బకాయిలు పేరుకొన్నవని 2025 జనవరిలోను, మరల సెప్టెంబరులోను తెలంగాణలోని ప్రైవేటు ఆస్పత్రుల సంఘము ఆరోగ్యశ్రీ సేవలను నిలిపివేయుదుమని ప్రకటించినది. పేదవాని చేతిలోని కార్డునకు పది లక్షల విలువ వ్రాసియున్నను, ఆస్పత్రికి సకాలమున సొమ్ము ముట్టనిచో ఆ విలువ కాగితము మీదనే నిలుచును. ఇందు ఆస్పత్రుల కష్టమును కొంత కలదు. చిన్న పట్టణములోని నర్సింగు హోము నెలల తరబడి బకాయిలను భరింపజాలదు. కాని ఆ తగవులో నలుగునది మూడవవాడు, అనగా రోగి.

ఈ చరిత్ర అంతయు పరిశీలించిన పిమ్మట మాకు తోచినది ఇది. మన పథకములన్నియు సొమ్ము లేకపోవుటయే పేదవాని వైద్యమునకు అడ్డమని తలచి ఆ అడ్డమును తొలగించుటకు పూనుకొన్నవి. అది చాల వరకు నిజమే. అయితే అవి వైద్యుడు అప్పటికే సమీపమున ఉన్నాడని ఊహించుకొన్నవి. హైదరాబాదునకు ఆ ఊహ చెల్లును. కోరుట్లకు చెల్లదు. బీమా సొమ్మునకు హామీ ఈయగలదు గాని, రాత్రి రెండు గంటలకు మెలకువతో ఉన్న వైద్యుని అది పుట్టింపలేదు. ఆ పని ప్రభుత్వాస్పత్రి, వైద్యకళాశాల చేయవలసినదే. అందుచేతనే ఏ పథకము వచ్చినను జిల్లా కేంద్రములోని ప్రభుత్వాస్పత్రిని బలపరచుట ప్రథమ కర్తవ్యమని మేము భావించుచున్నాము. అక్కడ కార్డు ఉన్నను లేకున్నను చూచెదరు.

గృహస్థులు చేయదగిన పని కూడ కొంత కలదు. పట్టికను చదువవలసినది ఆపద రాని నాడే. మన పట్టణములో ఆరోగ్యశ్రీలో చేరిన ఆస్పత్రి ఏది, అది ఏయే విభాగములకు చేరినది, రాత్రిపూట అక్కడ వైద్యుడుండునా, ఆరోగ్యమిత్ర ఎచట కూర్చుండును అని పగటివేళ పోయి విచారింపవలెను. 104 సంఖ్యకు ఫోను చేసి అడిగినను సమాచారము లభించును. కార్డులో ఇంటివారందరి పేర్లు సరిగా ఉన్నవో లేవో చూచుకొనవలెను. క్రొత్తగా వచ్చిన కోడలి పేరు, పుట్టిన బిడ్డ పేరు చేరకుండుట తరచుగా జరుగును. గల్ఫులో ఉన్న కుమారుడు ఇంటికి సొమ్ము పంపునపుడు, కార్డు నకలు ఎవరి వద్ద ఉన్నదో కూడ అడిగిన మంచిది. ఆపద వచ్చిన క్షణమున మాత్రము పట్టికను వెదకుచు కూర్చుండరాదు. వెంటనే 108కి ఫోను చేయవలెను, దగ్గరనున్న ఆస్పత్రికి పోవలెను. ఏ ఆస్పత్రియైనను ప్రథమ చికిత్స నిరాకరించినచో, అట్లు నిరాకరించుటకు చట్టము ఒప్పదని నిర్భయముగా చెప్పవచ్చును.

వైద్యుడు, ధనము, మార్గము - ఈ మూడును మన ప్రాంతమునకు మూడు వేర్వేరు కాలములలో, వేర్వేరు త్రోవలలో వచ్చినవి. మార్గము 108 రూపమున ముందు వచ్చినది. ధనము కార్డు రూపమున తరువాత వచ్చినది. వైద్యుడు ఇప్పుడిప్పుడే వచ్చుచున్నాడు. జగిత్యాల, సిరిసిల్ల కళాశాలలలో నేడు చదువుచున్న యువకులలో కొందరైనను అత్యవసర వైద్యమును అభ్యసించి, తమ ఊళ్ళలోనే రాత్రి విధులకు నిలిచిన నాడు, కోరుట్లలో బీడీలు చుట్టు తల్లికిని, సిరిసిల్లలో సాంచ నడుపు తండ్రికిని ఆపదవేళ కార్డు గురించి అడుగవలసిన అవసరము తగ్గిపోవును.